ఇన్నిట్ అంటే స్టైలు, ఇజంట్ ఇట్ అంటే నవ్వా?

అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి మా నాయన వచ్చారు. ఆయన పారిస్ కార్నర్ దగ్గర ఒక కాగితాల గోడౌనులో గుమాస్తా. ఒక పూట సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మాస్టారు తెలుగులోనే మాట్లాడారు. కానీ నాయన మాత్రం బడి అంటే ఇంగ్లీషులో మాట్లాడాలనుకున్నారో ఏమో, "మై సన్ ఈజ్ స్టడీయింగ్ వెల్, ఇజంట్ ఇట్ సార్?" అని అడిగారు.

గుమ్మం బయట నిలబడిన మా బెంచీ మిత్రుడు గొంతు బొంగురు చేసి "ఇజంట్ ఇట్ సార్?" అని వెక్కిరించాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నాయన ఒకసారి తల తిప్పి చూసి, మళ్ళీ మాస్టారి వైపు తిరిగారు. ఆ తర్వాత ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా మాట్లాడలేదు.

మరునాడు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక అదే మిత్రుడు నా డబ్బాలోని పులిహోర ఒక ముద్ద నోట్లో వేసుకుని "దిస్ ఈజ్ ప్రాపర్ గుడ్, ఇన్నిట్ బ్రవ్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పైగా మరొకడు "చీర్స్, మేట్" అన్నాడు. ఈ మాటలన్నీ మా క్లాసులోకి ఫుట్‌బాల్ వీడియోల నుంచి, ఆటల వ్యాఖ్యానాల నుంచి, వెబ్ సిరీస్‌ల నుంచి వచ్చాయి. మాలో ఎవరూ ఇంతవరకు సముద్రం దాటలేదు. దూరప్రయాణమంటే మాకు తిరుపతి, నెల్లూరు, పెళ్ళిళ్ళకు విజయవాడ. అయినా బ్రవ్, మేట్, ఇన్నిట్ లేనిదే మాట ముగియదు. దాచడం దేనికి, నాకూ ఆ జబ్బు ఉంది.

ఆ రోజు మాత్రం పులిహోర నా గొంతు దిగలేదు. ఎందుకంటే నాకు అప్పుడే తట్టింది, నాయన అన్న మాటా వీడు అన్న మాటా ఒకటే!

నమ్మకపోతే చూడండి. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం వాక్యం చివర వచ్చే ఆ చిన్న ప్రశ్న కర్తను బట్టి, క్రియను బట్టి మారాలి. 'యు ఆర్ కమింగ్' తర్వాత 'ఆరంట్ యు'. 'హీ వెంట్' తర్వాత 'డిడంట్ హీ'. 'షీ కెన్ సింగ్' తర్వాత 'కాంట్ షీ'. మన తెలుగులో ఈ తిప్పలు లేవు. నువ్వు వస్తున్నావు కదా, వాడు వెళ్ళాడు కదా, ఆమె పాడగలదు కదా. మనిషి మారినా, కాలం మారినా 'కదా' మారదు. తమిళంలోనూ అంతే, 'ఇల్లియా' ఒక్కటి చాలు. అందుకే మన పెద్దవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడినప్పుడు ఆ 'కదా'ను 'ఇజంట్ ఇట్' చేసి అన్నిటికీ తగిలిస్తారు. నాయన 'ఇజంట్ హీ' అనాల్సిన చోట 'ఇజంట్ ఇట్' అన్నారు. మా పరీక్ష పేపర్లలో దీనికి ఎర్ర సిరా పడుతుంది.

మరి ఇన్నిట్ ఏమిటి? అదే ఇజంట్ ఇట్ నలిగి నలిగి పొట్టిదైన రూపం. దాన్నీ లండన్ కుర్రాళ్ళు కర్త, క్రియ చూడకుండా అన్ని వాక్యాలకూ తగిలిస్తారు. యు ఆర్ కమింగ్ ఇన్నిట్, హీ వెంట్ ఇన్నిట్. అంటే వాళ్ళకూ ఒక 'కదా' కావాల్సి వచ్చింది, చేసుకున్నారు. వ్యాకరణం పుస్తకం ముందు పెట్టుకుంటే రెండూ ఒకే తప్పు. పారిస్ కార్నర్ గుమాస్తా నోట వస్తే అది నవ్వులాట, లండన్ కుర్రాడి నోట వస్తే అది స్టైలు. మనం నవ్వింది తప్పును చూసి కాదు, ఆ తప్పు చేసిన మనిషిని చూసి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

పోనీ, మనం అంత మోజుపడే ఆ భాషకు వాళ్ళ ఊళ్ళో ఏ మర్యాద ఉందో తెలుసుకుందాం. బ్రవ్, ఇన్నిట్ లాంటి మాటలు రాజుగారి కోటలో పుట్టినవి కావు. లండన్‌లో కూలినాలి చేసుకునేవాళ్ళు, కరీబియన్ దీవుల నుంచీ ఆఫ్రికా నుంచీ మన ఉపఖండం నుంచీ వలస వెళ్ళినవాళ్ళ పిల్లలు ఒకే వీధిలో కలిసి పెరిగి చేసుకున్న భాష అది. అక్కడి పెద్దమనుషులకు అది ఇప్పటికీ గిట్టదు. 2013లో దక్షిణ లండన్‌లోని ఒక పాఠశాల ఇన్నిట్‌తో సహా కొన్ని వీధిమాటలు బడిలో వాడకూడదని బోర్డు పెట్టింది. అది పెద్ద వార్త అయింది, వాదోపవాదాలు జరిగాయి. అంటే, మన పేపర్ల మీద పడే ఎర్ర సిరాయే వాళ్ళ మీదా పడుతోంది. ఆ లండన్ కుర్రాడూ మా నాయనా ఒకే వరసలో నిలబడాల్సినవాళ్ళు. మనమేమో ఒకరికి దండ వేసి, మరొకరిని వెక్కిరిస్తున్నాం.

ఈ మాట నా మిత్రుడితో అంటే వాడు ఊరుకోలేదు. "మాటకు సొంతదారు ఎవడ్రా? వాళ్ళు మన మాటలు తీసుకోలేదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తీసుకున్నారు, బోలెడు తీసుకున్నారు. మనం ఆడిన క్రాష్ బాండికూట్ ఆట పేరులోని బాండికూట్ ఏమిటో తెలుసా? మన పందికొక్కు! తెలుగు పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్ళి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలో మరో జంతువుకు పేరై, చివరికి మన ఫోన్లోకి తిరిగివచ్చింది. తమిళుల కట్టుమరం కాటమరాన్ అయింది, చురుట్టు చెరూట్ అయింది, మిళగు తణ్ణి ములిగటానీ సూప్ అయింది. బ్రిటిషువాళ్ళు బాగుంది అనడానికి వాడే 'పకా' హిందీ 'పక్కా'. 'డెకో' వేయడమంటే హిందీ 'దేఖో'. పూర్వం మన దేశంలో పనిచేసిన సిపాయిలు, దొరలు ఈ మాటల్ని మూటగట్టుకుపోయారు.

మాట వలస పోవడం తప్పు అని నేనెక్కడా అనడం లేదు. బస్సు, టికెట్టు, పెన్ను, బెంచీ లేకుండా ఈ వ్యాసమే రాయలేను. అయితే ఒక తేడా ఉంది. పందికొక్కు అన్న మాట వాళ్ళకు ఎలా అబ్బింది? పందికొక్కు వాళ్ళ గోడౌన్లో ధాన్యం తింది కాబట్టి. చురుట్టు కాల్చారు, కట్టుమరం ఎక్కారు, మిరియాల చారు తాగారు. వస్తువు ముందు, మాట వెనక. మనం ఏ వస్తువు కోసం బ్రవ్ తెచ్చుకున్నాం? మనకు అన్న లేడా, తమ్ముడు లేడా? బావా, మామా, మచ్చా అనే పిలుపులు ఏమయ్యాయి? బ్రవ్ అంటే పెద్దవాడో చిన్నవాడో కూడా తెలియదు. అన్నా అని పిలిస్తే గౌరవం, రేయ్ తమ్ముడూ అంటే చనువు. ఇంత వివరం ఉన్నదాన్ని ఇచ్చేసి అంత మొద్దు మాటను పుచ్చుకోవడం ఏం బేరం?

ఇంకో సంగతి. మన మాటలు మూటగట్టుకుపోయిన దొరలు మనల్ని ఏమన్నారో కూడా చదవాలి. 1886లో హాబ్సన్ జాబ్సన్ అనే పెద్ద నిఘంటువు వచ్చింది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. వారిలో బర్నెల్ మన మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన అధికారి. భారతీయ మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్ళాయో ఎంతో శ్రద్ధగా రాశారు. ఆ పుస్తకంలోనే 'బట్లర్ ఇంగ్లీష్' అని ఒక మాట ఉంది. మద్రాసు రాజధానిలో దొరల ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళు మాట్లాడే విరిగిన ఇంగ్లీషు అని దానికి అర్థం చెప్పి, చైనాలోని పిడ్జిన్ కంటే పెద్దగా మెరుగు కాదని తీర్పు ఇచ్చారు. ఆ బట్లర్లకు బడి లేదు, పుస్తకం లేదు. రోజంతా చాకిరీ చేస్తూ చెవులతో నేర్చుకున్న భాష అది. దొర మన మాటను ముక్కలుచేసి పలికితే నిఘంటువుకెక్కింది. మనవాడు దొర మాటను ముక్కలుచేసి పలికితే వెక్కిరింతకెక్కింది.

అంతెందుకు, పెరంబూరు, వేపేరిలో తరతరాలుగా ఉన్న ఆంగ్లో ఇండియన్లకు ఇంగ్లీషే ఇంటి భాష. వాళ్ళ యాసకు కూడా ఆనాటి దొరలు 'చీచీ' అని పేరుపెట్టి చిన్నచూపు చూశారు. ఇంగ్లీషు అమ్మభాషగా ఉన్నవాళ్ళనే దగ్గరికి రానివ్వనివాళ్ళు, రీల్స్ చూసి మూడు మాటలు నేర్చుకున్న మనల్ని చూసి చప్పట్లు కొడతారా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మా అవ్వ ఊరికే అనదు.

అదీగాక అరువు తెచ్చుకున్న మాటకు తాళంచెవి మన దగ్గర ఉండదు. మనం పాంట్స్ అంటే పాంటే. బ్రిటిషువాళ్ళకు పాంట్స్ అంటే లోపల వేసుకునేది. "నైస్ పాంట్స్, మేట్" అని అక్కడ ఎవరినైనా మెచ్చుకుని చూడండి! వాళ్ళు 'క్వైట్ గుడ్' అంటే చాలాసార్లు 'ఏదో ఫరవాలేదు' అనే. ఏ మాట ఎవరితో అనొచ్చు, ఎక్కడ అంటే చెంప పగులుతుంది అనేది ఆ వీధిలో పెరిగినవాడికే తెలుస్తుంది. మన మద్రాసు తమిళంలో ఏ మాట ఆటో స్టాండులో అనొచ్చో, ఏ మాట మాస్టారి ముందు అనకూడదో మనకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇక్కడ పెరిగాం కాబట్టి తెలుసు. వీధిమాట అంటే ఆ వీధిలో బతికిన బతుకుకు రసీదు. ఎరువు సొమ్ము బరువు చేటు.

గురజాడ వారి కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అందులో ఒక సన్నివేశం మనందరికీ తెలిసిందే. కొడుకు వెంకటేశం, గురువు గిరీశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని తల్లి ముచ్చటపడుతుంది. ఇద్దరూ చిన్నపిల్లల పద్యాలూ పాఠాల ముక్కలూ కలిపి అప్పచెబుతారు. అర్థం పర్థం లేదు. తల్లి మురిసిపోతుంది. చదువుతూ అందరం నవ్వుతాం. ఇప్పుడు చెప్పండి, "ప్రాపర్ గుడ్ ఇన్నిట్ బ్రవ్, చీర్స్ మేట్" అన్న మా భోజనాల బెంచీకీ, ఆ నట్టింటికీ ఎంత దూరం? నూట పాతికేళ్ళు దాటినా మనలో గిరీశం చావలేదు. పైగా ఆ ఇద్దరూ కనీసం అమ్మను మురిపించారు. మనం నాయనను అవమానించాం.

"అయితే ఇంగ్లీషు మానేసి కూర్చోమంటావా?" అని మీరు అడగవచ్చు. అస్సలు కాదు. ఇంగ్లీషు బాగా రావాలి, ఇంకా బాగా రావాలి. మన చెన్నపట్నంలోనే ఏనుగుల వీరాస్వామయ్య గారు ఉండేవారు. ఇక్కడి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేశారు. ఇంగ్లీషు ఆయనకు అన్నం పెట్టిన భాష. అయినా 1830, 31లలో కాశీకి వెళ్ళివచ్చినప్పుడు దారిలో చూసిందంతా తెలుగులో రాశారు. వాడుకకు దగ్గరైన మాటలతో ఉన్న ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అవతలి వైపు సి.పి. బ్రౌన్ గారు ఉన్నారు. బ్రిటిషు ఉద్యోగి. మన భాషను పండితుల దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. నిఘంటువు రాస్తూ కావ్యాల్లోని మాటలతోపాటు జనం నోట నలిగే మాటల్నీ చేర్చుకున్నారు. ఒకరు ఇంగ్లీషు నేర్చారు, ఒకరు తెలుగు నేర్చారు. ఇద్దరూ పరభాషను పనిముట్టు చేసుకున్నారు గానీ, అది రానివాళ్ళ మీద విసిరే రాయిగా వాడలేదు. నేర్చుకోవడం వేరు, వేషం వేసుకోవడం వేరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. మనం ఈ వేషం ఎందుకు వేస్తున్నాం? చెన్నైలో తెలుగు పిల్లలుగా పెరిగిన మనకు నవ్వులు కొత్త కాదు. ఇక్కడ ఎవడైనా మనల్ని 'గొల్టి' అంటాడు. సెలవులకు ఆంధ్రా వెళితే అక్కడి చుట్టాల పిల్లలు "అరవ తెలుగు మాట్లాడతావేంట్రా" అంటారు. మనం 'ఏం చేస్తా ఉండావు' అంటే వాళ్ళకు నవ్వు. తమిళం మాట్లాడితే యాస అంటారు, తెలుగు మాట్లాడితే యాస అంటారు, ఇంగ్లీషు మాట్లాడితే "తెలుగు మీడియమా?" అంటారు. అందుకే ఎవరూ తప్పు పట్టలేని ఒక భాష మనకు కావాలనిపించింది. ఇన్నిట్ అంటే ఇక్కడ తప్పు పట్టేవాడు ఎవడు? అది మనం దాక్కున్న గది. దాక్కోవడం వరకు నాకు అర్థమవుతుంది. కానీ ఆ గదిలోకి దూరి, కిటికీలోంచి మన సొంత మనుషుల మీదే రాళ్ళు వేస్తున్నాం. 'గొల్టి' అన్నప్పుడు మన కడుపులో ఏం మండుతుందో తెలిసిన మనం, అదే మంట మా నాయనకు పెట్టాం.

నిజానికి మనకు ఆ గది అవసరమే లేదు. ఈ ఊరి వీధిభాషలో మనకు ఎప్పటినుంచో వాటా ఉంది. మద్రాసు బాషైలో తండ్రిని 'నైనా' అంటారు. అది మన 'నాయన'. డబ్బును 'డబ్బు' అనే అంటారు. ఆ మాటల్ని మన ముందుతరం వాళ్ళు ఎవరి దగ్గరా అప్పు తెచ్చి ఇవ్వలేదు. ఇక్కడి రేవులో మూటలు మోస్తూ, అంగళ్ళు నడుపుతూ, పక్కింటివాళ్ళతో పోట్లాడుతూ, పండగకు పలహారం పంచుకుంటూ ఇచ్చారు. మేముండే జార్జిటౌన్‌కు ఒకప్పుడు బ్లాక్ టౌన్ అని పేరు. కోటలో తెల్లవాళ్ళు, బయట మనవాళ్ళు. ఆ బయటి వీధుల్లోనే తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి ఈ ఊరి మాట తయారైంది. లండన్ పిల్లలు తమ వీధిలో చేసింది కూడా సరిగ్గా ఇదే. వాళ్ళను నిజంగా అనుసరించాలంటే వాళ్ళ మాట ఎత్తుకురావడం కాదు, వాళ్ళలా మన వీధి మాటను సిగ్గుపడకుండా మాట్లాడాలి.

ఊరికే తిట్టి పోతే లాభం లేదు. నేను అడిగేవి మూడే.

తోటి విద్యార్థులారా, ఆటలో సరదాకు బ్రవ్ అంటే ఆకాశం ఊడిపడదు. కానీ ఆ మాట రానివాణ్ణి చూసి, ఇంగ్లీషు తడబడినవాణ్ణి చూసి నవ్వకండి. ఒకడు వెక్కిరించినప్పుడు మిగతావాళ్ళు నవ్వకపోతే చాలు, వాడు రెండోసారి చెయ్యడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటికి చుట్టాలు వస్తే "మావాడు ఇంగ్లీషులో ఎలా మాట్లాడతాడో చూడండి" అని మమ్మల్ని నిలబెట్టకండి. వెంకటేశాలు తయారయ్యేది అక్కడే. బడికి వచ్చినప్పుడు మీకు వచ్చిన భాషలో ధైర్యంగా మాట్లాడండి. ఇది మీ బడి.

ఉపాధ్యాయులకు వినయంగా ఒక మాట. 'ఇజంట్ ఇట్' కింద ఎర్ర గీత పెట్టండి, పరీక్షకు అది అవసరమే. దానితోపాటు ఇది మన 'కదా' నుంచి వచ్చిందని ఒక్క ముక్క చెప్పండి. అప్పుడు మాకు తప్పూ తెలుస్తుంది, సిగ్గూ ఉండదు.

నాయన ఆ రోజు గురించి ఇంట్లో ఏమీ అనలేదు. నేనే వారం తర్వాత, రాత్రి అన్నం తింటూ, "ఆ రోజు నేను కూడా నవ్వినాను నాయనా" అని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నేను చెప్పినదాంట్లో తప్పేముండాది రా?" అని అడిగారు. వెక్కిరింతగా కాదు, తెలుసుకోవాలని. ఇజంట్ హీ అనాలని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నారు. "మన కదా మేలు కదా" అని నవ్వారు.

వార్షిక పరీక్షల ముందు మళ్ళీ సమావేశం ఉంది. ఈసారి నేను గుమ్మం బయట నిలబడను. నాయన పక్కన కూర్చుంటాను.